సోమవారానికి ఐదు గీతలు

లబాడీ గారికి సున్నా మీద నమ్మకం లేదు.

దేవుడి మీద ఉంది, భార్య క్లోటిల్డ్ కాచే కోకో టీ మీద ఉంది, ఆఖరికి దీవి చుట్టూ తిరిగే డొక్కు బస్సు మీద కూడా ఉంది. సున్నా మీద మాత్రం లేదు. ఈ లోకంలో ఏ యంత్రమూ, ఏ మనిషీ సున్నా దగ్గర మొదలవరని, ప్రతిదానికీ ఏదో ఒక పక్కకి కాస్త వాలు ఉండే తీరుతుందని ఆయన వాదన. ఎవరు ఏ అంకె చెప్పినా ఆయన అడిగేవి రెండే ప్రశ్నలు. "ఎటు వాలింది? ఎంత వాలింది?" ఆ రెండూ తేలాక, తీసేయాల్సింది తీసేసి, కలపాల్సింది కలిపి, అప్పుడు గానీ ఆ అంకెను ఇంట్లోకి రానివ్వరు.

ఆఫీసు గోడ గడియారం ఏడు నిమిషాలు ముందుకు నడుస్తుంది. సరిచేయండి మహాప్రభో అంటే వినరు. "దీని వాలు నాకు తెలుసు. సరిచేస్తే కొత్త వాలు పడుతుంది. మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి" అంటారు. ఆదివారం ఫాదర్ గారు ప్రసంగం మధ్యలో "చివరగా ఒక్క మాట" అన్నారంటే, లబాడీ గారు పక్కవాళ్ళ వైపు వంగి "ఇంకో పదిహేడు నిమిషాలు" అంటారు. సరిగ్గా పదిహేడో నిమిషానికి ఊరంతా లేచి నిలబడుతుంది. క్లోటిల్డ్ మాత్రం తక్కువ తిన్నదా? "ఈయన వచ్చే ఏడు ఉద్యోగం మానేస్తానంటే మీరు ఆరేళ్ళు కలుపుకోండి" అని వచ్చిపోయేవాళ్ళందరికీ చెబుతుంది.

ఆయన పనిచేసేది సాంద్రె కొండ కింద ఉన్న అగ్నిపర్వత పరిశీలన కేంద్రంలో. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. కొండ చుట్టూ పాతిన యంత్రాల్లో ఏది ఎండకి ఉబ్బుతుందో, ఏది వానకి ముడుచుకుంటుందో, బ్యాటరీ నీరసిస్తే ఏ ఆంప్లిఫయరు పైకి పాకుతుందో ఆయనకి కంఠతా వచ్చు. ఆయన పైన అధికారిణిగా వచ్చిన వెర్లిన్ ప్రాస్పేర్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు. పై చదువులు చదివి వచ్చింది. ఆమెకి ఈయన ధోరణి మొదటి నెలలో నవ్వు తెప్పించింది, రెండో నెలలో విసుగు తెప్పించింది.

"మన పని యంత్రానికి వాలు లేకుండా చేయడం కదా" అని ఒకసారి అడిగింది.

"ఎవరు చెప్పారమ్మాయ్? ఈ ట్రాన్సిస్టరు చూడు. దీన్ని ఖాళీగా వదిలేస్తే చిన్న సిగ్నలు దీని చెవికి ఎక్కదు. ముందే చిటికెడు కరెంటు పోసి, ఒక పక్కకి వాల్చి కూర్చోబెట్టాలి. అప్పుడు గుసగుస కూడా పలుకుతుంది. వాలు తప్పు కాదు. ఎంత వాల్చామో మర్చిపోతే తప్పు."

యంత్రాలతో ఆగితే బాగుండేది. కొండ చుట్టూ ఊళ్ళలో కంపాలు, వాసనలు గమనించి ఫోను చేసే మనుషులున్నారు. వాళ్ళ మాటలకి కూడా ఈయన దగ్గర లెక్కలున్నాయి. బోసెజూర్‌లో కొట్టు నడిపే క్లీటస్ ఉన్నాడు కదా, అతను శుక్రవారం సాయంత్రం చెప్పే భూకంపాలను సగానికి సగం కొట్టెయ్యాలట. కొట్లో రమ్ము సీసాలు కూడా ఊగాయన్నాడంటే మొత్తం కొట్టెయ్యాలట.

అదే ఊళ్ళో వెర్లిన్ తల్లి ఫిలోమెన్ ఉంది. ఆమె కూడా గమనించేవాళ్ళలో ఒకరు. "మీ అమ్మగారి సంగతి దీనికి తిరగేసి" అన్నారు లబాడీ గారు. "ఎప్పుడడిగినా 'ఏమీ లేదు నాయనా' అంటారు. వంటింటి గోడ నిలువునా చీలినప్పుడు కూడా అదే అన్నారు. ఆవిడ ఏమీ లేదంటే నేను మూడు కలుపుకుంటాను."

వెర్లిన్‌కి ఒళ్ళు మండింది. "మా అమ్మకి అబద్ధాలాడే అలవాటు లేదు."

"అబద్ధం అన్నానా? వాలు అన్నాను."

"అయితే నాకెంత వేశారు?"

అడగకుండా ఉండాల్సింది. ఆయన ఏమాత్రం మొహమాటపడకుండా, "నీది భయం వైపు రెండింతలు. నువ్వు పది అంటే నేను ఐదనుకుంటాను" అన్నారు. వెర్లిన్ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన అది కూడా లెక్కలో వేసుకునే ఉంటారు.

ఇదంతా ఒక ఎత్తు, ఆ సోమవారం ఒక ఎత్తు.

డైరెక్టరు గారు సమావేశానికని పక్క దీవికి వెళ్ళారు. గురువారం దాకా రారు. వెర్లిన్ చేతికి కేంద్రాన్ని మొత్తం అప్పగించడం అదే మొదటిసారి. పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆమె కాఫీ కప్పు బల్ల మీద పెడుతుండగా బోసెజూర్ గీత పైకి లేచింది.

బోసెజూర్‌లో ఉన్నది నేల వంపు చెప్పే యంత్రం. కొండ కడుపులో ఏదైనా ఉబ్బితే పక్కనున్న నేల వెంట్రుకవాసి వంగుతుంది. ఆ వంపు రేడియోలో ఆఫీసుకి వచ్చి కాగితం మీద గీతల్లో పడుతుంది. యాభై గీతలు దాటితే ఊరు ఖాళీ చేయించాలని నిబంధన. ఎనిమిదిన్నరకి ఆరు. తొమ్మిదికి తొమ్మిది.

"సోమవారం కదా, ఐదు తీసెయ్యి" అన్నారు లబాడీ గారు, తల ఎత్తకుండా.

"సోమవారానికీ కొండకీ ఏమిటి సంబంధం?"

"కొండకి లేదు. గీతకి ఉంది. ఆరు నెలలుగా చూస్తున్నాను, సోమవారం ఐదు లేస్తుంది, సాయంత్రానికి దిగుతుంది."

"ఎందుకు లేస్తుంది?"

లబాడీ గారు జేబులు తడుముకున్నారు, కిటికీలోంచి చూశారు. "సోమవారం గనక" అన్నారు.

ఐదు తీసేసినా నాలుగు మిగిలింది. వెర్లిన్ మనసు ఒప్పుకోలేదు. విపత్తుల అధికారి కెప్టెన్ డిఫ్రైటస్‌కి ఫోను చేసి, చిన్న మార్పు కనిపిస్తోంది, చెవిన వేసి ఉంచుతున్నాను, అంతే అంది. కెప్టెన్ చెవిన వేసిన మాటని చెవిలో ఉంచుకునే మనిషి కాదు. పావుగంటలో రేడియోలో చెప్పించేశాడు, బోసెజూర్ వాళ్ళంతా సిద్ధంగా ఉండాలని.

సోమవారాలు పదింటికి లబాడీ గారు జీపు తీసుకుని బోసెజూర్ యంత్రాన్ని సరిచూడ్డానికి వెళ్ళడం రివాజు. వెళితే మూడు గంటలు. ఒక యంత్రానికి మూడు గంటలేమిటని వెర్లిన్ ఎన్నోసార్లు సణిగింది. ఆ రోజు కూడా ఆయన తాళాలు తీసుకుని బయల్దేరబోతే ఆమె అడ్డుపడింది.

"ఇవాళ ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు. గీత ఇలా ఉంటే నన్నొక్కదాన్నీ వదిలి పోతారా?"

"ఇవాళే వెళ్ళాలమ్మాయ్."

"ఇవాళే ఉండాలి మీరు."

ఆయన తాళాలు మేకుకి తగిలించి కూర్చున్నారు. కానీ కుర్చీలో నిలకడగా లేరు. లేస్తారు, కూర్చుంటారు, కళ్ళజోడు తుడుస్తారు. పదిన్నరకి గీత పంతొమ్మిది. ఆయన దగ్గరికొచ్చి చూశారు.

"సోమవారం ఇంత ఉండదే" అన్నారు మెల్లగా.

ముప్పై నాలుగేళ్ళలో ఏ అంకెకీ జవాబు లేకుండా నిలబడని మనిషి నోట అలాంటి మాట వినడం కన్నా గీత యాభై దాటడమే నయమనిపించింది వెర్లిన్‌కి. "భూకంపాల యంత్రం గమ్మునుంది కదా" అని ఆమే ఎదురు ధైర్యం చెప్పింది. "గమ్మునే ఉంది. కొండ ఉబ్బితే అది గమ్మునుండకూడదు" అన్నారాయన. ఏది నమ్మాలో ఇద్దరికీ తెలియలేదు.

పదకొండున్నరకి కెప్టెన్ మళ్ళీ ఫోను. "మేడమ్, నాలుగు బస్సులు పెట్టాను. నాలుగింటి దాకే ఉంటాయి. తర్వాత కొండ దారిలో చీకట్లో ముసలివాళ్ళని దింపలేను. అవునో కాదో చెప్పండి."

"ఇంకా చూస్తున్నాం."

"చూడండి. కిందటేడు సంగతి మాత్రం మర్చిపోకండి."

ఆమె ఎలా మర్చిపోతుంది? కిందటేడు ఉత్తుత్తి హెచ్చరికకి మూడు వందల మందిని కింద పట్నం బడిలో తొమ్మిది రోజులుంచారు. తిరిగొచ్చేసరికి కోళ్ళు లేవు. ఈసారి కొండ స్వయంగా వచ్చి తలుపు కొట్టినా కదలమని బోసెజూర్ వాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు. ఇప్పుడు కూడా ఉత్తదే అయితే, నిజంగా కొండ లేచిన రోజున ఒక్కరూ బస్సెక్కరు. నిజమై, తను కాదంటే, ఆ మూడు వందల మందిలో అమ్మ ఉంది. వెర్లిన్ ఫోను పెట్టేసి మళ్ళీ గీత ముందుకెళ్ళి కూర్చుంది.

ఒకటిన్నరకి ముప్పై మూడు. ఊళ్ళో ఎలా ఉందో కనుక్కుందామని క్లీటస్ కొట్టుకి ఫోను చేసింది.

"నేల కంపించిందా క్లీటస్?"

"కంపించలేదు మేడమ్. కానీ ఒక విచిత్రం. కొళాయిలో నీళ్ళు ఆగిపోయాయి. పదింటి దాకా బాగానే వచ్చాయి. ఇప్పుడు చుక్క లేదు."

ఊరి కొళాయికి నీళ్ళొచ్చేది కొండ ఊట నుంచే. కొండ పేలబోయే ముందు ఊట ఎండిపోతుందని చదువుకున్నవాళ్ళెవరికైనా తెలుసు. "సోమవారం ఎంత, క్లీటస్‌కి ఎంత, నాకెంత, అన్నీ తీసెయ్యండి లబాడీ గారూ. ఇంకేం మిగిలిందో చెప్పండి" అంది.

లబాడీ గారు జీపు తాళాలు మేకు మీంచి తీశారు. "చూసొద్దాం పద. నాకు తెలియని వాలు ఒకటి అక్కడ కూర్చుంది. ఇక్కడినుంచి నాకు కనపడదు."

"యాభై దాటితే?"

"జీపులో రేడియో ఉంది. అక్కడినుంచే చెబుదువుగాని."

దారంతా వెర్లిన్ కొండ శిఖరం వైపే చూస్తూ కూర్చుంది. ప్రతి మబ్బూ పొగలాగే కనిపించింది. బోసెజూర్ మలుపు తిరిగేసరికి రెండు దాటింది. యంత్రం గది ఊరి చివర, చెట్లు కొట్టేసిన బోడి గుట్ట మీద ఉంటుంది. జీపు ఆగింది. వెర్లిన్ దిగబోయి, ఒక కాలు నేల మీద, ఒక కాలు జీపులో ఉండగానే అలా నిలబడిపోయింది.

యంత్రం దిమ్మెకి పాతిన ఇనప స్తంభం నుంచి ఊరి వైపు పొడుగ్గా తాడు కట్టి ఉంది. దాని మీద దుప్పట్లు. బొంతలు. కర్టెన్లు. ఒక చర్చి బల్లగుడ్డ. మూడు పొరల్లో, నీళ్ళోడుతూ, నేలకి ఆనేంత బరువుగా. స్తంభం పాపం ఆ పక్కకి ఒంగి దణ్ణం పెడుతోంది. అయిదారుగురు ఆడవాళ్ళు తలల మీద ఇంకా తట్టలు పెట్టుకుని గుట్ట ఎక్కుతున్నారు.

"అన్నీ ఒకే పక్కకి వేశారు" అని లబాడీ గారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. "రెండో పక్క తాడు ఖాళీగా ఉందే, అటు సగం వేస్తే ఏం పోయింది?"

వెర్లిన్ ఆయన వైపు తిరిగింది. "రెండో పక్క తాడా?"

దుప్పటి పక్కకి జరిగి ఫిలోమెన్ బయటికొచ్చింది. చేతిలో కర్ర ఉంది. కూతుర్ని చూడగానే కర్ర వెనక్కి దాచింది.

"అమ్మా, ఇదంతా ఏమిటి?"

"నువ్వే కదే ఖాళీ చేయిస్తానంది? రేడియోలో చెప్పారు. కిందటేడు మాసిన దుప్పట్లతో ఆ బళ్ళో తొమ్మిది రోజులు పడుకుంటే పట్నం వాళ్ళు మమ్మల్ని చూసి ముక్కులు మూసుకున్నారు. ఈసారి వెళితే మల్లెపువ్వుల్లాంటి పక్కబట్టలతోనే వెళ్ళాలని అందరం అనుకున్నాం. కొళాయి మొత్తం ఖాళీ చేశాం. మా పెరళ్ళలో అన్నీ చెట్లే, ఎండ ఎక్కడుంది? ఇక్కడైతే గంటలో ఆరతాయి."

వెర్లిన్‌కి ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. గీత లేచింది గనక తను చెప్పింది. తను చెప్పింది గనక వీళ్ళు ఉతికారు. ఉతికారు గనక గీత మళ్ళీ లేచింది. పొద్దుటినుంచి తనని హడలగొట్టింది కొండ కాదు, బొంతలు.

"నిబంధన ప్రకారం ఆ స్తంభాన్ని ఎవరూ ముట్టుకోకూడదు" అంది. గొంతులో కోపం ఉందో నవ్వు ఉందో ఆమెకే తెలియలేదు. "తాడు ఎవరు కట్టారు?"

ఆడవాళ్ళు తట్టలు దించుకుని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లబాడీ గారు గొంతు సవరించుకున్నారు.

"నేనే కట్టాను. ఆరు నెలలైంది. అమ్మగారి తాడు ఇదివరకు పై మిట్ట మీద ఉండేది. అక్కడిదాకా ఎక్కలేకపోతున్నారు."

"ఎందుకెక్కలేవమ్మా?"

"ఏమీ లేదే" అంది ఫిలోమెన్ గబగబా.

పదేళ్ళుగా ప్రతి ఆదివారమూ ఫోనులో వింటున్న మాటే. విన్న ప్రతిసారీ, హమ్మయ్య, అమ్మ బాగుంది అనుకుని ఫోను పెట్టేసింది వెర్లిన్. ఈసారి ఆమె నమ్మలేదు. వెళ్ళి తల్లి వెనకనుంచి కర్ర తీసుకుని చూసింది. పిడి అరిగి నున్నగా అయిపోయి ఉంది.

"మోకాలు" అన్నారు లబాడీ గారు. "నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. చెబితే పట్నం తీసుకుపోతావని ఆవిడ భయం. నేను సోమవారాలు వచ్చి బట్టలు పిండి ఆరేసి పోతున్నాను. రెండు పక్కలా సమానంగా తూచి వేస్తాను. ఎంత తూచినా ఐదు గీతలు మిగిలిపోతాయి. ఆవిడ పొద్దున్నే తనే ఆరేసుకునే పెద్ద గౌను ఒకటుంది, దానికి జోడు లేదు."

"మరి పొద్దునే ఎందుకు చెప్పలేదు?"

"ఐదే అనుకున్నానమ్మాయ్. పంతొమ్మిదైనప్పుడు భయం వేసింది. నేను కట్టిన తాడు వెనక నిజంగా కొండ ఏమైనా దాక్కుందేమోనని. చూడకుండా చెప్పి, నా మాట మీద నువ్వు కాదంటే, తర్వాత ఏదైనా అయితే?" ఆయన మొహం పాలిపోయి ఉంది. "ఇంకా తేలలేదు. ముందు విప్పి చూడాలి."

అదీ నిజమే. వెర్లిన్ గదిలోకి పరిగెత్తి యంత్రం మీది ముల్లు చూసింది. నలభై ఎనిమిది. మూడు కావస్తోంది. "విప్పండి, ఒక్కొక్కటే" అని కేక పెట్టింది.

బయట లబాడీ గారు, ఆడవాళ్ళు ఒక్కో దుప్పటే లాగుతుంటే లోపల ఆమె అంకెలు చదివింది. నలభై ఒకటి. ముప్పై ఆరు. చర్చి బల్లగుడ్డకి ఒక్కటే తగ్గింది. మేరీ-రోజ్ గారి బొంతకి ఏకంగా పది తగ్గింది. బయటినుంచి ఎవరో, ఆవిడ బొంతలో ఇటికెలు కుట్టిందంటున్నారు. పన్నెండు. ఎనిమిది. అక్కడ ముల్లు ఆగిపోయింది.

"ఇంకేమైనా ఉందా?"

"తాడు ఉంది" అన్నారు లబాడీ గారు. కత్తితో తెగ్గోశారు.

మూడు.

"మూడు ఎండది. ఈ వేళకి ఎప్పుడూ ఉండేదే" అని ఆయన గుమ్మంలోంచి అంటుంటే, "తెలుసు, గురువారం దాకా ఇక్కడే గంట గంటకీ చూద్దాం, అయినా తెలుసు" అంటూ వెర్లిన్ నేల మీదే కూర్చుండిపోయింది. నవ్వు వచ్చింది. నవ్వుతుంటే కళ్ళు చెమర్చాయి.

మూడూ ఇరవైకి జీపు రేడియోలో కెప్టెన్ దొరికాడు.

"అవునా, కాదా మేడమ్?"

"కాదు. ఊరు ఖాళీ చేయక్కర్లేదు. బస్సులు పంపించెయ్యండి."

"కారణం ఏం చెప్పమంటారు? రేడియో వాళ్ళు అడుగుతారు."

వెర్లిన్ చుట్టూ చూసింది. ఆడవాళ్ళంతా తడి దుప్పట్లు చేతుల్లో పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. తల్లి లబాడీ గారి వెనక సగం దాక్కుంది. ఆయన ఉద్యోగం పోవడానికి ఒక్క వాక్యం చాలు.

"బోసెజూర్ స్తంభం మీద బరువు పడింది, తీసేశాం, పొరపాటు మాది అని చెప్పండి. ఇంకో సంగతి. పక్కబట్టలు ఎవరిళ్ళ దగ్గర వాళ్ళే ఆరేసుకోవాలి."

"మేడమ్, ఇది ఏదైనా రహస్య సంకేతమా?" అన్నాడు కెప్టెన్.

"కాదండీ. దుప్పట్లే."

గురువారం డైరెక్టరు గారు తిరిగొచ్చి వెర్లిన్ రాసిన నివేదిక చదివారు. రెండుసార్లు చదివారు. తాడు ఎవరు కట్టారన్న చోట "కేంద్రం సిబ్బంది" అని ఉంది. ఎవరని ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు. యంత్రానికి ముప్పై అడుగుల దూరాన కేంద్రం ఖర్చుతోనే కొత్త గుంజలు నాలుగు పాతించాలన్న చోట మాత్రం కనుబొమలు ఎగరేసి, సంతకం పెట్టారు.

ఆ పై సోమవారం పదింటికి లబాడీ గారు మామూలుగా తాళాలు అందుకున్నారు. డైరెక్టరు గారు ఆయన్ని ఆపారు.

"తాడు తీసేశారు కదా. స్తంభం మీద ఇప్పుడు ఈగ కూడా వాలదు. ఇంకా సరిచూసేదేముంది? అదీ మూడు గంటలు?"

లబాడీ గారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. వెర్లిన్ కుర్చీ జరిపి లేచి, టోపీ పెట్టుకుని, ఆయన చేతిలోని తాళాలు తీసుకుంది.

"మూడు సరిపోవు సర్, నాలుగు గంటలు రాసుకోండి" అంది. "ఇవాళ మా అమ్మని మోకాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. నేను వచ్చేలోగా ఈయన ఒక్కరే పెద్ద దుప్పట్లు పిండలేరు, ముందు ఇద్దరం కలిసి పిండేస్తాం."